కథలో మాంత్రికుడు, ఊళ్ళో ముద్దాయి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1984లో ఇక్కడ పదో తరగతి పాసై వెళ్ళాను. ముప్ఫై ఏళ్ళకు పైగా విద్యుత్తు ఇంజనీరుగా పని చేస్తున్నాను. స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ల గురించి అడిగితే తడుముకోకుండా మాట్లాడగలను. కానీ సంఘం వారు నాకు వేరే పని అప్పగించారు. ఎందుకో ముందు చెప్పాలి.

స్వర్ణోత్సవ కానుకగా బడికి ఒక గ్రంథాలయం కట్టిద్దామని మనం అనుకున్నాం. పుస్తకాల జాబితా తయారైంది. అందులో చందమామ పాత సీరియళ్ళు ఉన్నాయి, బేతాళ కథలున్నాయి, హ్యారీ పోటర్ ఉంది, నార్నియా కథలున్నాయి. జాబితా చదువుతుండగానే కార్యవర్గంలో ఇద్దరు మిత్రులు లేచి, ఈ మంత్రాల పుస్తకాలు మా పిల్లల చేతికి ఇవ్వొద్దన్నారు. ఇద్దరూ క్రైస్తవులు, ఇద్దరి పిల్లలూ ఈ బళ్ళోనే చదువుతున్నారు. ఒకాయన నవ్వాడు. నవ్వినందుకు వీళ్ళు నొచ్చుకున్నారు. మాట పెరిగింది. చివరికి అధ్యక్షులవారు నా వైపు తిరిగి, "నువ్వు ఆదివారం ఆదివారం చర్చికి పోయేవాడివి, చందమామ కోసం దెబ్బలు తిన్నవాడివి. ఈ సంగతి నువ్వే చెప్పు" అన్నారు.

దెబ్బలు తిన్నమాట నిజం. అక్కడి నుంచే మొదలుపెడతాను.

1980లో నేను ఏడో తరగతి. మన తెలుగు మాస్టారి దగ్గర ఒక చెక్క అల్మారా ఉండేది, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. దాని నిండా సుతిలి తాడుతో కట్టిన పాత చందమామ కట్టలు. శనివారం మధ్యాహ్నం ఒక్కొక్కరికి ఒక్కొక్క సంచిక ఇచ్చేవారు, సోమవారం తిరిగి ఇచ్చెయ్యాలి. ఒకసారి నాకు 'భల్లూక మాంత్రికుడు' సీరియల్ వచ్చిన సంచిక దొరికింది. ఇంటికి తీసుకెళ్ళి, సండే స్కూలు పాటల పుస్తకం మధ్యలో పెట్టుకుని, లాంతరు దగ్గర చదువుతున్నాను.

మా నాన్న ఖమ్మం మార్కెట్లో హమాలీ. మిరప బస్తాలు మోసి మోసి రాత్రి ఇంటికొచ్చేసరికి ఒళ్ళంతా ఘాటు. ఆయన బడికి వెళ్ళలేదు. చర్చిలో బైబిలు పట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాడు. ఆ రాత్రి నా వెనక నిలబడి, పాటల పుస్తకం పక్కకు జరిపి, లోపలి బొమ్మ చూశాడు. మాంత్రికుడు అన్న మాట కూడబలుక్కున్నాడు. అంతే. చెంప మీద ఒకటి పడింది. చందమామ పొయ్యిలో పడింది.

"ఏందిరా ఇది? మన ఇంట్లకు ఈ ముచ్చట తెస్తవా?" అన్నాడు. ఆయన అంతకు ముందు నన్ను కొట్టలేదు. ఆ తరవాతా కొట్టలేదు. అందుకే ఆ దెబ్బ నాకు అర్థం కాలేదు. మా నాయనమ్మ మూల కూర్చుని అంతా చూస్తూ, ఒక్క మాట అనలేదు.

సోమవారం మాస్టారికి విషయం చెప్పి ఏడ్చాను. పుస్తకం కాలిపోయినందుకు తిడతారనుకున్నాను. తిట్టలేదు. మీ నాన్న తెలివితక్కువవాడు అని కూడా అనలేదు. ఒక్కటే అన్నారు: "మీ నాన్న మాట కాదనకు. ఇక్కడ బళ్ళో కూర్చుని దొంగచాటుగా కూడా చదవకు. ఏం చదివావో ఇంటికెళ్ళి మీ నాన్నకు చెప్పగలిగిన రోజున రా, అల్మారా తాళం నీకే ఇస్తాను." అప్పుడది నాకు శిక్షలాగే అనిపించింది.

ఇక మన మిత్రుల అభ్యంతరం సంగతి. దాన్ని నవ్వి తీసిపారేయడం సరికాదు. వాళ్ళు గాలిలోంచి పుట్టించింది కాదది. ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం సోదె చెప్పేవాణ్ణి, శకునం చెప్పేవాణ్ణి, మాంత్రికుణ్ణి, చచ్చినవాళ్ళతో మాట్లాడేవాణ్ణి మీ మధ్య ఉండనివ్వొద్దు అంటుంది. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో ఎఫెసు పట్టణం వాళ్ళు మంత్రవిద్య పుస్తకాలు తెచ్చి అందరి ముందూ తగలబెట్టారు. వాటి వెల లెక్కగడితే యాభై వేల వెండి రూకలు. ఇవి చదువుకుని పెరిగిన తల్లిదండ్రులకు తమ బిడ్డ మంత్రదండం పట్టుకుని ఆడుకుంటుంటే గుండెలో కలుక్కుమంటుంది. ఆ బాధ నిజమైనది.

ఈ బాధ మన ఖానాపురం హవేలికి మాత్రమే వచ్చింది కాదు. హ్యారీ పోటర్ మొదటి పుస్తకం 1997లో ఇంగ్లండులో వచ్చింది, ఏడోది 2007లో. 2000 నుంచి 2009 వరకు అమెరికా గ్రంథాలయాల్లో తీసెయ్యమని ఎక్కువ ఫిర్యాదులు వచ్చిన పుస్తకాల పట్టికలో దానిదే మొదటి స్థానమని అక్కడి గ్రంథాలయ సంఘం చెప్పింది. 2001 డిసెంబరులో న్యూ మెక్సికో రాష్ట్రంలోని అలమగోర్డో అనే ఊళ్ళో ఒక చర్చి వాళ్ళు ఆ పుస్తకాలను మంటల్లో వేశారు. తరవాత పోపు అయిన కార్డినల్ రాట్జింగర్ కూడా 2003లో ఒక జర్మన్ రచయిత్రికి రాసిన ఉత్తరంలో ఆ పుస్తకాల మీద ఆమె చేసిన విమర్శను మెచ్చుకున్నారు.

రెండో పక్క కూడా చూడాలి. నార్నియా కథలు రాసిన సి.ఎస్. లూయిస్, 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన టోల్కిన్ ఇద్దరూ గట్టి క్రైస్తవులు. 1950లో వచ్చిన లూయిస్ మొదటి నార్నియా కథలో మంత్రగత్తె ఉంది. మరొకరి తప్పుకు తాను ప్రాణమిచ్చి మళ్ళీ లేచే సింహం కూడా ఉంది. హ్యారీ పోటర్ ఏడో పుస్తకంలో రెండు సమాధుల మీద చెక్కిన మాటలు బైబిలువే: ఒకటి మత్తయి సువార్త ఆరో అధ్యాయంలోది, రెండోది కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదిహేనో అధ్యాయంలోది. ఇంట్లో బైబిలు ఉన్నవాళ్ళు తీసి చూసుకోవచ్చు.

మన చందమామ సంగతి ఇంకా విచిత్రం. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టారు. ఆ ఇద్దరే 1951లో 'పాతాళభైరవి' తీసి నేపాళ మాంత్రికుణ్ణి ఇంటింటికీ తెచ్చారు. చందమామను 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా నడిపింది కొడవటిగంటి కుటుంబరావు గారు. ఆయన పచ్చి హేతువాది, మూఢనమ్మకాల మీద ఎన్నో వ్యాసాలు రాశారు. దయ్యాలూ భూతాలూ నమ్మని మనిషి దాదాపు మూడు దశాబ్దాలపాటు నెల నెలా దయ్యాల కథలను పిల్లలకు పంచిపెట్టారు. 'భల్లూక మాంత్రికుడు' రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారు ఆయన పక్కనే కూర్చుని పని చేశారు. కథలో దయ్యాన్ని చూసి పిల్లవాడు బయట దయ్యాన్ని నమ్ముతాడని ఆయనకు అనిపించి ఉంటే ఆ పత్రిక అట్లా ఉండేది కాదు.

ఇవన్నీ నాకు తరవాత తెలిసినవి. 2005లో ఇంత తెలివి నాకు లేదు. అప్పటికి మా అమ్మాయికి పదకొండేళ్ళు. స్నేహితురాలి దగ్గర హ్యారీ పోటర్ మొదటి పుస్తకం తెచ్చుకుని, అన్నం దగ్గర కూడా వదలకుండా చదువుతోంది. చర్చిలో ఒకరు, "ఇంజనీరుగారూ, మీ పాప చేతిలో ఏం పుస్తకం చూశానో తెలుసా?" అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి ఆ పుస్తకం లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. మా నాన్న పొయ్యిలో వేశాడు, నేను చదువుకున్నవాణ్ణి గనక బీరువాలో పెట్టాను. తేడా అంతే.

పిల్ల ఏడ్చి ఏడ్చి వాళ్ళ తాత దగ్గరకు పోయింది. అప్పటికి మా నాన్నకు అరవై ఏడేళ్ళు. పని మానేసి మా దగ్గరే ఉంటున్నాడు. చందమామ కాల్చిన మనిషి కదా, నన్నే సమర్థిస్తాడనుకున్నాను. ఆయన వరండాలో మంచం మీద కూర్చుని, "ఆ బుక్కుల ఏమున్నదో నాకు చెప్పు బిడ్డా" అన్నాడు. అది చెప్పడం మొదలుపెట్టింది. నాలుగు సాయంత్రాలు పట్టింది. నేను లోపల పేపరు అడ్డం పెట్టుకుని వింటున్నాను.

అమ్మానాన్న చచ్చిపోయిన పిల్లవాడు. పెద్దమ్మ ఇంట్లో మెట్ల కింద అరలో పడుకుంటాడు. వాడు పసివాడిగా ఉన్నప్పుడు ఒక దుర్మార్గపు మాంత్రికుడు చంపడానికొస్తే తల్లి అడ్డం పడి తను చచ్చిపోయింది. ఆమె ప్రేమ వాడి ఒంట్లో ఉంది గనక ఆ దుర్మార్గుడు వాణ్ణి ముట్టుకోలేకపోయాడు. మా అమ్మాయి ఈ ముక్క చెప్పినప్పుడు మా నాన్న, "తల్లి అడ్డం పడ్డదా?" అని అడిగాడు. అవును తాతా అంది. ఆయన ఇంకేం మాట్లాడలేదు. పిల్ల లోపలికి వెళ్ళాక నన్ను పిలిచాడు. ఆ రాత్రి చెప్పిన సంగతి అరవై ఏడేళ్ళలో ఆయన ఎవరికీ చెప్పలేదు.

మా వాళ్ళది అసలు ఖానాపురం కాదు. భద్రాచలం దారిలో అడవి అంచున ఒక పల్లె. ఊరి పేరు చెప్పను, ఇప్పటివాళ్ళకు ఆ పాపంతో పని లేదు. 1950 ప్రాంతం. అప్పటికి ఖమ్మం జిల్లా కూడా లేదు, వరంగల్లు నుంచి విడిపోయింది 1953లో. మా తాత అప్పటికే పోయాడు. నాయనమ్మ కూలికి పోయి ఒక్కగానొక్క కొడుకును సాకుతోంది. ఆ వానాకాలం ఊళ్ళో చలిజ్వరాలు లేచాయి. పక్కింట్లో ఇద్దరు పిల్లలు వారం తేడాలో పోయారు. సోదెగాడు వచ్చాడు. ఊరికి పడమటి దిక్కున ఒంటిగా ఉన్న ఆడదాని పని ఇది అన్నాడు. పడమటి దిక్కున ఒంటిగా ఉన్నది మా నాయనమ్మ ఒక్కతే.

మంత్రం సరిగ్గా పలకాలంటే ముందు పళ్ళు ఉండాలని, అవి ఊడగొడితే మంత్రం పారదని ఒక నమ్మకం. ఏం చేశారో మీకు అర్థమైంది. పన్నెండేళ్ళ మా నాన్నను ఇద్దరు పట్టుకున్నారు. ఆయన అది చూశాడు. ఆ రాత్రే తల్లీ కొడుకూ ఊరు విడిచి, అడవి దారిన రెండు రాత్రులు నడిచి ఖమ్మం చేరారు. ఖానాపురంలో ఒక సువార్తికుడు తన పశువుల కొట్టంలో చోటిచ్చాడు. అట్లా మేము ఈ ఊరివాళ్ళమయ్యాం, అట్లా క్రైస్తవులమయ్యాం.

మా నాయనమ్మకు ముందు పళ్ళు లేవని నాకు తెలుసు. ముసలితనం అనుకున్నాను. చిన్నప్పుడు బోసినోటి నాయనమ్మా అని ఆట కూడా పట్టించాను.

ఆమెను చుట్టుముట్టినవాళ్ళు అరిచిన మాట 'చిల్లంగి'. మీరు తెలుగు బైబిలు తీస్తే ద్వితీయోపదేశకాండంలో ఆ మాటే కనిపిస్తుంది. మా నాన్న చర్చిలో మొట్టమొదట ఆ మాట విన్నప్పుడు, దేవుడు కూడా ఊరివాళ్ళ పక్షమే అనుకుని లేచి బయటికి వచ్చేశాడట. అప్పటి అయ్యగారు వెంట వచ్చి చెప్పారట: "ఒరే అబ్బాయీ, ఆ మాట నువ్వు చెయ్యొద్దని చెప్పింది, అట్లాంటివాళ్ళ దగ్గరికి నువ్వు పోవద్దని చెప్పింది. ఎవరు చేస్తున్నారో ఇల్లిల్లూ వెతకమని చెప్పలేదు. మీ అమ్మను పట్టించింది ఎవరు? సోదెగాడు. దేవుడు వద్దన్నది వాణ్ణి."

అది విన్నాక నేను మా నాన్నను అడిగాను: "మరి నా చందమామ ఎందుకు కాల్చావు?" ఆయన అన్నాడు: "నాకు ఆ అక్షరాలు చూడంగనే ఆ మాట వినపడ్డది. అప్పుడు నాకు కత తెల్వదు. ఇయ్యాల పిల్ల చెప్తుంటె తెలిసింది. కతల మంత్రగాడు నిజంగనే మంత్రగాడు, వాడే వచ్చి నేనేనని చెప్తడు. ఊళ్ళె మంత్రగాడు ఎవ్వడూ లేడు. యేలు పెట్టి చూపిచ్చేటోడే ఉన్నడు." కాసేపాగి, "ఆ కతల తల్లి అడ్డం పడ్డది. నేను మా అమ్మకు అడ్డం పడలేకపోయిన" అన్నాడు.

బీరువా తాళం తీశాను.

ఇంకొక్క మాట కూడా ఇక్కడ చెప్పాలి. ఆ చలిజ్వరం దోమ వల్ల వస్తుందని రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులో ఉంటూనే కనిపెట్టాడు. ఆ తరవాత యాభై ఏళ్ళు దాటినా ఆ సంగతి మా ఊరి దాకా నడిచి రాలేదు. సోదెగాడు మాత్రం వచ్చాడు.

ఇవన్నీ పాతకాలం ముచ్చట్లు అనుకోకండి. 2009లో నాకు ఏజెన్సీ మండలంలో పని పడింది. ఒక పల్లె నుంచి కబురు: మూడు రాత్రులుగా ఒక వరస ఇళ్ళల్లో బల్బులు వాటంతటవే పగిలిపోతున్నాయి, ఇంకో వరసలో దీపం మిణుకుమిణుకు మంటోంది, పంపుల దగ్గర షాక్ కొడుతోంది. లైన్‌మన్ నా చెవిలో, "సార్, ఊళ్ళో ఒక ముసలామె మీద అనుకుంటున్నరు. అందరి బల్బులు పోయినయి గాని ఆమెది పోలేదంట" అన్నాడు. నాకు ఒళ్ళు చల్లబడింది.

వెళ్ళి చూస్తే 63 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తీగ జాయింటు కాలి ఊడిపోయి ఉంది. ఎర్తు గొయ్యి ఎండిపోయి ఉంది. న్యూట్రల్ తెగితే మూడు ఫేజుల మధ్య తూకం పోతుంది. వాడకం ఎక్కువ ఉన్న ఫేజులో వోల్టేజి పడిపోతుంది, వాడకం తక్కువ ఉన్న ఫేజులో 230 ఉండాల్సింది 300 దాటిపోతుంది. అక్కడ బల్బులు పగులుతాయి. ముసలామె ఇల్లు వాడకం ఎక్కువ ఉన్న ఫేజు మీద ఉంది. ఆమె బల్బు పగల్లేదు, గుడ్డిగా వెలుగుతోంది. ఆమె చేసిన నేరం అదీ.

జాయింటు వేశాం. ఎర్తు గొయ్యిలో ఉప్పు, బొగ్గు వేసి నీళ్ళు పోస్తుంటే చుట్టూ చేరినవాళ్ళలో ఒకాయన, "సారు విరుగుడు చేస్తుండు" అన్నాడు. నవ్వు రావాల్సిన చోట నాకు రాలేదు. ఉప్పూ బొగ్గూ తడిని పట్టి ఉంచి కరెంటుకు భూమిలోకి దారి ఇస్తాయని చెప్పాను. చెబితే చాలదని, బడిపిల్లలను నలుగురిని పిలిచి మీటరు చేతికిచ్చాను. ఇల్లిల్లూ తిరిగి వాళ్ళే అంకె చదివి పైకి చెప్పారు. ప్రతి ఇంట్లోనూ 230కి అటూ ఇటూగా వచ్చింది. ముసలామె ఇంట్లో కూడా అంతే. ఆమె మాకు మజ్జిగ తెచ్చింది. చుట్టూ ఎవరూ చెయ్యి చాపలేదు. నేను తీసుకుని తాగాను, లైన్‌మన్ తాగాడు. ఆ తరవాత పిల్లలు అడిగి తాగారు. ఆ రోజు నేను చేసిన పనుల్లో జాయింటు కన్నా ఆ మజ్జిగే ముఖ్యమని ఇప్పటికీ అనుకుంటాను.

ఇప్పుడు మన జాబితా దగ్గరకు వస్తాను. అభ్యంతరం చెప్పిన మిత్రులకు నాదొక మనవి. ఎఫెసు వాళ్ళు కాల్చింది పిల్లల కథలను కాదు. డబ్బు తీసుకుని మంత్రం వేసే వృత్తికి సంబంధించిన పుస్తకాలను. అవీ ఎవరో లాక్కుని కాల్చలేదు, ఎవరివి వాళ్ళే తెచ్చుకున్నారు. సౌలు రాజు కథ మీకు తెలుసు. సోదె చెప్పేవాళ్ళను దేశంలోంచి వెళ్ళగొట్టినవాడే, యుద్ధానికి భయపడి ఏన్దోరులో ఉన్న సోదె చెప్పే ఆమె దగ్గరకు మారువేషంలో పోయాడు. ఆయన ఏ కథల పుస్తకమూ చదివి పోలేదు. భయం తీసుకెళ్ళింది. బాప్తిస్మం నాడు తాయెత్తు తెంచేసిన మనం, బిడ్డకు జ్వరం వస్తే "ఎవరో ఏదో చేశారు" అనుకోవడం తెంచుకున్నామా? ఆ మాట నేను గుడుల దగ్గరా విన్నాను, దర్గాల దగ్గరా విన్నాను, ప్రార్థన కూటాల్లోనూ విన్నాను. అది అన్నప్పుడల్లా ఆ 'ఎవరో' అన్న చోట ఒక ఒంటరి మనిషి పేరు వచ్చి కూర్చుంటుంది.

నవ్విన మిత్రుడికీ ఒక మాట. కథలో దోషం అస్సలు లేదని నేను అనను. మన పాత కథల్లో మంత్రగత్తె అంటే ఎట్లా ఉంటుంది? వంకర ముక్కు, బోసినోరు, జడలు కట్టిన తల, ఊరి చివర గుడిసె. ఆ బొమ్మ వందసార్లు చూసిన పిల్లవాడు ఊరి చివర ముసలామెను చూసి ఏమనుకుంటాడు? తల్లిదండ్రులు భయపడాల్సిందేదైనా ఉంటే మంత్రాన్ని చూసి కాదు, ఆ బొమ్మను చూసి. హ్యారీ పోటర్లో నాకు నచ్చిన సంగతి ఒకటుంది: అందులో మంత్రగత్తెలు బడిపంతులమ్మలు, హోమ్‌వర్క్ దిద్దుతారు. నార్నియా మంత్రగత్తె అందగత్తె, రాణి. చెడ్డతనం ముఖంలో ఉండదు, చేసే పనిలో ఉంటుందని ఆ పిల్లలకు తెలుస్తుంది.

అందుకని గ్రంథాలయం గురించి నా సూచనలు మూడు. మొదటిది, పుస్తకాలు అన్నీ ఉండాలి. కానీ వద్దన్న తల్లిదండ్రుల పిల్లలకు చాటుగా ఇవ్వొద్దు. చాటుగా చదవడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. రెండోది, వద్దన్న తల్లిదండ్రులు ఒక్క సాయంత్రం వచ్చి, ఆ పుస్తకం చదివిన పిల్లల నోటి నుంచి కథ వినాలి. విన్నాక కూడా వద్దంటే వాళ్ళ మాటే చెల్లాలి. మూడోది, ఏటా ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక పూట చేతబడి, బాణామతి, చిల్లంగి అన్న మాటల వెనక ఏముందో చెప్పించాలి. జన విజ్ఞాన వేదిక వాళ్ళు 1988 నుంచి ఈ పని చేస్తున్నారు, పిలుద్దాం. ఒక డాక్టరును పిలుద్దాం. కరెంటు సంగతి చెప్పడానికి నేను వస్తాను, మీటరు తెస్తాను. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇందుకోసం చట్టాలు చేశాయి. చట్టం వచ్చేలోపు బడి చెయ్యగలిగింది బడి చెయ్యాలి.

మన తెలుగు మాస్టారు ఇప్పుడు లేరు. 2005 తరవాత ఒకసారి ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను, మా నాన్నకు కథ తెలిసింది మాస్టారూ అని చెబుదామని. అప్పటికే ఆయన వెళ్ళిపోయి రెండేళ్ళయింది. మా నాన్న 2016లో పోయాడు. అప్పటికి హ్యారీ పోటర్ ఏడు పుస్తకాలూ మనవరాలి నోటి నుంచి విన్నాడు. చివరి పుస్తకం రెండుసార్లు చెప్పించుకున్నాడు.

ఆ చెక్క అల్మారా ఇంకా బడి సామాన్ల గదిలో ఉందని ప్రధానోపాధ్యాయులు మొన్న చూపించారు. ఒక తలుపుకు చెద పట్టింది. బాగు చేయించే ఖర్చు నాది. అందులో మొదట పెట్టడానికి చందమామ పాత సంచికలు కొన్ని తెచ్చాను, 'భల్లూక మాంత్రికుడు' వచ్చినవి. ఒకటి బడికి బాకీ ఉన్నాను కదా.